పాలికల్లో మొలవని గింజలు

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు ఇలా రాసి చెప్పగలుగుతున్నాను. ఈ మాట అసలు వినాల్సిన మనిషి సత్యవేడు దగ్గర ఒక పల్లెలో ఉంది. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికల్లా ఆమె వాకిట్లో నిలబడొచ్చు. ఎక్కలేదు. ఇన్నేళ్ళుగా ఈ బరువును మోస్తూ, ఎక్కడైనా దించుకునే చోటు దొరుకుతుందా అని వెతుకుతూ, తీరా చోటు దొరికినప్పుడల్లా మొహం తిప్పుకుని ఇంకో దారిలో నడిచిపోయాను. మోయడం అలవాటైపోయిందా? లేక దించితే నేనేమిటో అందరికీ కనబడిపోతుందన్న భయమా? భయమే. ముందే ఒప్పుకుంటున్నాను.

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్సు టీచర్ని. ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. అప్పట్లో కొత్తగా ఉద్యోగమొచ్చి ఆ పల్లెలోని బడికి వెళ్ళాను. ఊళ్ళో గది అద్దెకు అడిగితే, పేరు తర్వాత చూద్దాంలే అన్నట్టు, మీరేమిట్లు అని, అంటే ఏ కులమని, ముందు అడిగారు. ఆదివారం చర్చికి వెళ్ళే వాళ్ళమని చెప్పగానే ఖాళీగా ఉన్న గదులకు కూడా ఉన్నట్టుండి ఎవరో చుట్టాలు వచ్చేస్తున్నారు. చెంగమ్మక్క ఒక్కతే ఏమీ అడగలేదు. బావి నీళ్ళు ఉప్పన, తాగడానికి కొళాయి నీళ్ళు పట్టుకో అని మాత్రం చెప్పి, వాళ్ళ ఇంటి పక్క గది తాళంచెవి నా చేతిలో పెట్టింది. ఆ సాయంత్రమే గిన్నెతో పులుసు కూడా తెచ్చిచ్చింది. నేను తింటుంటే గడపలో కూర్చుని, ఉప్పు చాలిందా అని రెండు మూడుసార్లు అడిగింది.

ఆమెది రాశిగల చెయ్యి అనేవాళ్ళు ఆ ఊళ్ళో. అంటే ఆమె చేత్తో మొదలుపెట్టిన పని కలిసొస్తుందని. వేరుశనక్కాయలు విత్తేటప్పుడు మొదటి చాలులో నాలుగు గింజలు ఆమె వెయ్యాలి. కోడిని పొదగేస్తే గుడ్లు ఆమె పెట్టాలి. పసిబిడ్డకు మొదటి గోరుముద్ద ఆమె పెట్టాలి. పొద్దున్నే ఎవరో ఒకరు వచ్చి వాకిట్లో నిలబడి పిలిచేవాళ్ళు. ఆమె చేస్తున్న పని వదిలేసి, చెంగుకు చేతులు తుడుచుకుంటూ వెళ్ళేది. డబ్బున్న ఇల్లు కాదు, చదువు లేదు, నలుగురిలో గట్టిగా మాట్లాడే మనిషీ కాదు. ఊళ్ళో ఆమెకున్న గౌరవమంతా ఆ చేతిలోనే ఉండేది.

నేను లోలోపల నవ్వుకునేదాన్ని. చేతిలో ఏముంటుంది? మంచి విత్తనం, తగినంత తడి, తగినంత వెచ్చదనం ఉంటే ఎవరు వేసినా మొలుస్తుంది. తరగతిలో పిల్లలకు అదే చెప్పాను. మూఢనమ్మకాల గురించి ఒక పీరియడంతా మాట్లాడాను కూడా. చెప్పడానికేం, నోరు నాది.

ఆ ఏడు నవంబరంతా వానే. సముద్రంలో ఏ వాయుగుండం లేచినా మా వైపు కొన్నాళ్ళు ఎండ మొహం కనబడదు. గోడలు చెమ్మగిల్లాయి. ఉతికిన చీరలు ఆరక ముక్కవాసన వేస్తున్నాయి. ఊరంతా ఏదో నీళ్ళ అడుగున ఉన్నట్టు, మాటలు కూడా దూరం నుంచి వినబడుతున్నట్టు ఉండేది.

ఆ తడిలోకంలో వెచ్చగా ఉన్నది మా ల్యాబు ఒక్కటే. అక్కడొక పాత ఓవెను ఉండేది. ఎవరో దాత ఇచ్చిపోయింది. దాన్ని బాగుచేయించి, తొమ్మిదో తరగతి పిల్లలతో ఆహార పదార్థాలు ఎండబెట్టిస్తున్నాను. తిండిలో నీరెంత ఉంటుందో వాళ్ళకు కళ్ళారా చూపించాలని. ముందు తూచాలి. ఓవెనులో పెట్టాలి. తీసి చల్లార్చి తూచాలి. మళ్ళీ పెట్టాలి. బరువు తగ్గడం ఆగిపోయేదాకా అలాగే. వంకాయ ముక్కలు, కరివేపాకు, టమాటాలు, మధ్యాహ్నం మిగిలిన అన్నం మెతుకులు, ఏది దొరికితే అది పెట్టాం. పిల్లలు దానికి ఎండ డబ్బా అని పేరు పెట్టారు. బయట వాన, లోపల డబ్బాలో ఎండ.

బడి వదిలిన తర్వాత కూడా నేను ఆ గదిలోనే కూర్చునేదాన్ని. స్టూలు గోడకు ఆనించి, తడిసిన జుట్టు విప్పుకుని. కరివేపాకు వాసన, దాని వెనకే టమాటా పులుపు, అన్నం ఎండుతున్న తియ్యటి వాసన. కిటికీ అద్దాల మీద ఆవిరి. ఓవెను సన్నగా రొదపెడుతుంటే కళ్ళు మూతలు పడేవి. మేలుకునే కలలు కనేదాన్ని. నాకు చిన్నప్పటి నుంచీ పరాకు జాస్తి. పాలు పొంగిపోతుంటే పొయ్యి ముందే నిలబడి చూస్తూ ఉండేదాన్నని మా అమ్మ తిట్టేది. ఆ పరాకు మనిషి ప్రాణం మీదికి తెస్తుందని అప్పుడు తెలియదు. నా ప్రాణం మీదికి కాదు లెండి.

ఆ రోజుల్లోనే చెంగమ్మక్క బావగారి కూతురు భవానికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికి ముందు వాళ్ళ ఇళ్ళల్లో చిన్న మట్టి పాత్రల్లో నవధాన్యాలు చల్లి మొలకెత్తిస్తారు. వాటిని పాలికలంటారు. మొలకలు ఏపుగా, పచ్చగా లేస్తే ఆ జంట కాపురం అలా పచ్చగా ఉంటుందని నమ్మకం. గింజలు ఎవరు చల్లాలన్నది ఎవరూ అడగనక్కర్లేదు. చెంగమ్మక్కే. తమ చేలో పండినవి, పక్కవాళ్ళ దగ్గర ఇప్పించుకున్నవి ఒక్కో రకం ఒక్కో పిడికెడు ఏరి, ఆమె ఎప్పుడో సిద్ధం చేసి పెట్టుకుంది. వడ్లు, పెసలు, ఉలవలు, అలసందలు, అనుములు, అన్నీ.

ఆ గింజలకు చెమ్మ తగిలింది. అలసందల్లో పురుగు కూడా కనబడింది. చేటలో పోసి పొయ్యి దగ్గర పెట్టుకుని, ఆకాశాన్ని తిడుతూ కూర్చుని ఉంది ఆమె. నేను బడికి బయల్దేరుతూ చూశాను.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆమె నన్ను అడగలేదు. నేనే అడిగి తీసుకున్నాను. నన్ను ఇంట్లో పెట్టుకున్న మనిషికి ఏదైనా చెయ్యాలని మనసులో ఉండేది. మా ల్యాబులో ఎండబెట్టి తెస్తానన్నాను. పిల్లలకు పాఠమూ అవుతుంది, ఆమె పనీ జరుగుతుంది. ఒక్క దెబ్బకు రెండు పిట్టలని సంబరపడ్డాను.

గింజలన్నీ విడివిడిగా గిన్నెల్లో పోసి తూచాం. నూరు డిగ్రీలు దాటించి పెట్టాను. మిగతా తిండి పదార్థాలకు పెట్టినట్టే. మర్నాడు సాయంత్రానికి బరువు తగ్గడం ఆగిపోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇప్పుడు ఇందులో నీరన్నది లేదు అని చెప్పాను. ఆ మాట నా నోటితోనే చెప్పాను! నీరన్నది లేదు అని. వేయించిన శనక్కాయ మొలవదని మా ఊళ్ళో పాలుతాగే పిల్లకు కూడా తెలుసు. నాకు తెలియదా? తెలుసు. కానీ నా మనసులో అవి ఎండలో ఎండుతున్నాయి. ఎండ డబ్బా కదా. నేను ఆమెకు ఎండ తీసుకెళ్తున్నాను. ఆ ఊహ ఎంత బాగుందంటే, దాని వెనక ఏముందో చూడబుద్ధి కాలేదు.

గుడ్డ మూటలు కట్టి తీసుకెళ్ళి ఇచ్చాను. చెంగమ్మక్క ఒక్కో మూటా చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. గలగలమంటుంటే ఆమె మొహం వెలిగిపోయింది. నా చెంపలు రెండు చేతులతో నిమిరి మెటికలు విరిచింది. టీచరమ్మ వానలో ఎండ తెచ్చిందని వీధంతా చెప్పింది.

పాలికలు చల్లిన రోజు నన్ను కూడా పిలిచారు. పిలిచింది చెంగమ్మక్కే. వద్దనేంత ధైర్యం ఎవరికీ లేదు. ఐదుగురు ముత్తైదువలు, పసుపు నీళ్ళు, పూలు, ఎర్రమన్ను నింపిన పాలికలు. గింజలన్నీ ఒక పళ్ళెంలో కలిపి పాలు పోశారు. పాలల్లో తడవగానే వాసన లేచింది. చామంతి పూల వాసనలో, సాంబ్రాణి పొగలో కలిసిపోయి, సన్నగా, కమ్మగా. ఎవరూ పట్టించుకోలేదు. నాకు తెలిసింది. పప్పు చేసే ముందు పెసలు వేయిస్తే వచ్చే వాసన అది.

అప్పుడు మెలకువ వచ్చింది నాకు.

చెంగమ్మక్క కళ్ళు మూసుకుని, పిడికిలి విప్పి గింజలు చల్లుతోంది. ఆమె పెదవులు ఏదో అంటున్నాయి. ఆమెకు నాకు మధ్య రెండడుగులు కూడా లేవు. ఆగక్కా అంటే చాలు. అంగడికి ఒక మనిషిని పంపిస్తే వేరే గింజలు వచ్చేవి. పాడైపోయేదేమీ లేదు. అందరూ నన్ను ఒకసారి వింతగా చూసేవాళ్ళు, అంతే. ఎందుకు అనలేదు? కొత్త మనిషిని, పైగా చర్చికి పోయే దాన్ని, పెళ్ళి గింజలు కావాలనే చంపిందంటారేమో అనుకున్నాను. ఇల్లు ఖాళీ చెయ్యమంటారేమో అనుకున్నాను. ఈ కారణం చాలా ఏళ్ళు నన్ను కాపాడింది. నిజం కూడా ఉంది అందులో, కాదనను. కానీ దాని అడుగున ఉన్నది వేరే. సైన్సు టీచరుకు ఇంత మాత్రం తెలియదా అని నవ్వుతారని. నవ్వులపాలవడం ఇష్టం లేక నోరు మూసుకున్నాను. ఒక మనిషి పరువు కంటే నాకు నా తెలివి పేరే ముద్దొచ్చింది.

తర్వాత రోజులు కలలో నడిచినట్టే గడిచాయి. పాలికల మీద తడిగుడ్డ కప్పి భవాని వాళ్ళ నడింట్లో ఒక మూల పెట్టారు. పొద్దునా సాయంత్రం చెంగమ్మక్క వెళ్ళి నీళ్ళు చిలకరించి వచ్చేది. గుడ్డ ఎత్తి చూడకూడదట. నేను మా దేవుడికి మొక్కాను. ఏమని మొక్కాలో తెలియలేదు. కాల్చిన గింజను మొలిపించమని అడగడానికి సిగ్గేసింది. అయినా అడిగాను. నిద్రపడితే పాలికలు కలలోకి వచ్చేవి. గుడ్డను పైకెత్తేసి, చిలకపచ్చ మొలకలు ఇల్లంతా, నా పక్క గదిలోకి కూడా పాకి వచ్చేవి. వాటి మధ్య హాయిగా పడుకుని ఉండేదాన్ని. మెలకువ వస్తే చూరు నుంచి నీళ్ళు కారుతున్న చప్పుడు. అప్పటికీ చెప్పడానికి వేళ మించిపోలేదు. ప్రతి పొద్దూ అనుకున్నాను. ప్రతి పొద్దూ బడికి వెళ్ళిపోయాను.

గుడ్డ ఎత్తిన రోజు నేను వాకిట్లోనే నిలబడి ఉన్నాను. పాలికల్లో మన్ను మన్నులాగే ఉంది. ఒక్క మొలక లేదు. పాచి వాసన వచ్చింది. భవాని వాళ్ళమ్మ, అంటే చెంగమ్మక్కకు తోడికోడలు, మెల్లగా, ఏడుపు గొంతుతో ఒకే మాట అంది. "నీ చెయ్యని నమ్మి పిలిస్తిమి గదే చెంగమ్మా."

అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. పాలికల నిండా పూలు పోసి మూసి, పెళ్ళి జరిపించేశారు. పెళ్ళిలో చెంగమ్మక్క వంటల దగ్గరే ఉండిపోయింది. తలంబ్రాల దగ్గరికి రాలేదు, ఆమెను ఎవరూ రమ్మనలేదు.

పెళ్ళయిన తర్వాత ఒక మధ్యాహ్నం, వాన తెరిపి ఇచ్చింది. నేను బట్టలు ఆరేస్తుంటే చెంగమ్మక్క వచ్చి తిన్నె మీద కూర్చుంది. అరచేతులు ఒళ్ళో తెరుచుకుని వాటినే చూసుకుంటోంది.

"టీచరమ్మా, ఒక మాట అడగనా? నువ్వు సదివినదానివి. నాకు నిజం చెప్పు."

"అడుగక్కా."

"చేతిలో రాశి అనేది ఉండాదా? ఉండి, పోతాదా?"

నా చేతిలో తడిచీర ఉంది. దాన్ని పిండుతూనే ఉన్నాను, నీళ్ళు ఎప్పుడో అయిపోయాయి.

"గింజలు మంచివే గదా. నువ్వే గదా ఎండబెట్టి తెస్తివి, పురుగు లేకండా, తేమ లేకండా. మన్ను మంచిదే. నీళ్ళు పోసినాను. ఇంక నా చెయ్యి తప్ప ఏముండాది? నేనేం పాపం చేసినానో అని రేయింబగళ్ళు ఎతుక్కుంటా ఉండాను. యాడా దొరకలా."

ఆమె నా మీద అనుమానంతో రాలేదు. నా గింజల మీద నమ్మకంతో వచ్చింది. రాశి అనేదేమీ లేదక్కా అంటే, మరి ఎందుకు మొలవలేదని అడుగుతుంది. దానికి జవాబు నా దగ్గరే ఉంది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"నాకు తెలీదక్కా" అన్నాను.

బడిలో పిల్లలకు నేను ఒక్కసారి కూడా చెప్పని మాట అది. ఆమె తలూపింది. ఇంతటి చదువుకున్న మనిషికే తెలియదంటే అది దేవుడి లెక్కే అయ్యుంటుందని అనుకున్నట్టుంది. లేచి, నేను పిండి పిండి మడతలు పడేసిన చీర తీసుకుని, దులిపి, తీగ మీద ఆరేసి వెళ్ళిపోయింది.

తర్వాత భవానికి మొదటి కడుపు నిలవలేదు. ఆడవాళ్ళకు అలా జరుగుతూనే ఉంటుంది, మా ఇంట్లోనూ జరిగింది. కానీ ఊరు ఆ రెండింటినీ ముడివేసింది. చెంగమ్మక్క వాకిట్లో పొద్దున్నే పిలుపులు ఆగిపోయాయి. మొదట్లో ఆమె అలవాటుగా లేచి, జడ ముడేసుకుని, వీధి వైపు చూస్తూ కూర్చునేది. తర్వాత అదీ మానేసింది. చివరికి సొంత చేలో మొదటి గింజ వెయ్యడానికి పక్కింటి పిల్లను పిలిచింది. దారిలో ఎదురైన పసిబిడ్డను ఎవరైనా అందిస్తే చెయ్యి చెంగులో దాచుకునేది. తిట్టిన వాళ్ళు లేరు. కొట్టిన వాళ్ళు లేరు. ఆమెను ఆమె చేత్తోనే వెలి వేశారు, ఆమె కూడా ఒప్పుకుంది. నేను పక్క గదిలో ఉండి ఇదంతా చూశాను. ఆమె తెచ్చిన పులుసు తింటూ చూశాను.

బదిలీ వచ్చినప్పుడు నాకు కలిగింది సంతోషం. అది కూడా చెప్పాలి.

మొన్నామధ్య తిరుపతిలో చిన్న ఇల్లు కట్టుకున్నాం. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. తర్వాత పాలు పొంగించాలి, అది అందరిలాగే మాకూ అలవాటే. చెంగమ్మక్కను పిలిచాను. ఎందుకు పిలిచానని మీరడిగితే, ఒక ఉద్దేశంతోనే పిలిచాను. నలుగురి ముందు ఆమె చేత పొయ్యి ముట్టించాలి, నీ చెయ్యి మంచిదక్కా అనాలి. నిజం చెప్పకుండానే అప్పు తీర్చేసుకుందామని ఎత్తు వేశాను. చూడండి, ఎంత చవకగా తేల్చుకుందామనుకున్నానో.

ఆమె వచ్చింది. జుట్టు నెరిసింది. సంచి నిండా అనపకాయలు తెచ్చింది. ఇల్లంతా తిరిగి చూసి, గోడలు తడిమి మురిసిపోయింది. అగ్గిపెట్టె ఆమె చేతికి ఇవ్వబోయాను. ఆమె నిప్పును చూసినట్టు వెనక్కి జరిగింది. రెండు చేతులూ చెంగు కిందికి పోయాయి.

"వద్దు టీచరమ్మా. చల్లని ఇల్లు నీది, దీంట్లో నా చెయ్యి పెట్టొద్దు. నువ్వే ముట్టించుకో, నేను ఈడ నిలబడి కండ్లారా సూస్తా."

తన చేతి నుంచి నన్ను కాపాడుతోంది ఆమె. నన్ను!

అప్పుడు కూడా చెప్పలేదు. నేనే పొయ్యి ముట్టించాను. పాలు పొంగాయి. గడప అవతల నుంచి అందరికంటే ముందు సంతోషపడింది ఆమె. భోజనం చేసి, సత్యవేడు వైపు వెళ్ళే బస్సు దొరుకుతుందని సాయంత్రం కాకముందే బయల్దేరింది. నేను బస్టాండు దాకా వెళ్ళి కిటికీ పక్క సీటులో కూర్చోబెట్టి వచ్చాను. దారంతా నా నాలుక మీద ఆ మాట ఉంది. ఆమె మాత్రం మా ఇంటి టైల్సు ఎంత నున్నగా ఉన్నాయో చెబుతూనే ఉంది.

చెబితే ఆమె నన్ను ఏమీ అనదు. అదే నాకు భయం అని ఈమధ్య అర్థమైంది. పోనీలే అంటుంది. పోయిన ఏళ్ళు ఎవరిస్తారు? పొద్దున్నే వాకిట్లో పిలిచే ఆ గొంతులు ఎవరు తెచ్చిస్తారు? ఆమె క్షమిస్తే నాకు తేలికవుతుంది, ఆమెకు ఏమొస్తుంది? ఇలా నన్ను నేను అడుగుతూ ఇంకొన్నేళ్ళు గడిపేయగలను. నాకు ఆ విద్య బాగా వచ్చు. ఇది కూడా సాకేనేమో.

అందుకని ఇక సాగదీయను. ఎవరికీ చెప్పని మాట మీకు చెబుతున్నాను, వినండి. చెంగమ్మక్క చెయ్యి మంచిదే. ఆమె పిడికిట్లోకి వెళ్ళేసరికే ఆ గింజలు చచ్చిపోయి ఉన్నాయి. వాటిని చంపింది నేను. అది పొరపాటు. వాసన పట్టాక కూడా ఊరుకున్నాను. అది పొరపాటు కాదు.

ఇది రాసేశాను. ఊపిరి కాస్త లోతుగా ఆడుతోంది. ఆమెకు ఇంకా తెలియదు.